నిన్ను అంటే ఎవరిని

రాజమహేంద్రవరం,
1894 జూలై 9

సంపూర్ణకు,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను. ముందు సింటాక్సు సంగతి.

మా మెట్రిక్యులేషను క్లాసులో హాడ్లీ దొరసాని సింటాక్సు మొదలుపెట్టారు. వాక్యంలో ఏ మాట ఏ మాటకు చుట్టమో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పే శాస్త్రం అది. ప్రతి వాక్యానికీ ఒక సబ్జెక్టు, ఒక ప్రెడికేటు ఉండాలట. సబ్జెక్టు లేని వాక్యం తల లేని మొండెమట.

ఆ రోజే భోజనాల దగ్గర దొరసాని మాతో కూర్చున్నారు. వంట తలుపులమ్మ వచ్చి తిన్నారా అంది. తిన్నాం అన్నాం. ఇంకా వెయ్యనా అంది. వద్దు అన్నాం. మజ్జిగ అంది. పొయ్యి అన్నాం. దొరసాని చెంచా కింద పెట్టేశారు. ఇంతసేపూ ఒక్క సబ్జెక్టు కూడా వినపడలేదన్నారు. ఎవరు తిన్నారు, దేనిని తిన్నారు అని తలుపులమ్మను అడిగారు. తినేది వీళ్ళేనండి, దేనినంటే అన్నాన్నేనండి, బల్లను కాదు కదండి అంది తలుపులమ్మ.

అప్పటినుంచి బోర్డింగులో తెలుగు కూడా పూర్తి వాక్యాలలోనే మాట్లాడాలని నియమం. నిన్న నేను, నేను మజ్జిగను కోరుచున్నాను అన్నాను. తలుపులమ్మ నవ్వుతూ కుండ పట్టుకుని అక్కడే చతికిలబడింది. మజ్జిగ రాలేదు.

అయినా ఈ చదువు నాకు బాగుంది. మనుషులతో మాట్లాడాలంటే భయం కాని, వాళ్ళ వాక్యాలంటే భయం లేదు. డిసెంబరు మొదట్లో పరీక్ష.

ఇక్కడ అందరం క్షేమం.

దేవకుమారి


మొగల్తూరు,
ఆగస్టు 2

ఏమే దేవీ,

నీ మజ్జిగ సంగతి నవ్వు ఆపుకోలేక మా బడిలో పిల్లలకు చెప్పాను. అదే నేను చేసిన తప్పు. ఇప్పుడు ఒక్కొక్కరూ లేచి, చేతులు కట్టుకుని, నేను ఒంటికి పోవుటను కోరుచున్నాను అంటున్నారు. వాక్యం పూర్తయ్యేలోగా చిన్నతరగతి వాళ్ళకు పని పూర్తయిపోతోంది. నీ సింటాక్సు మండిపోను, రోజూ బడి కడిగించుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. కాలువ లాకుల దగ్గర గుమాస్తా జీవరాజుగారు తెలుసు కదా, పొడుగ్గా ఉంటారు, పడవలు వస్తే పేర్లు రాసుకుని తలుపులు తీయిస్తారు. మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపి నిన్ను చేసుకుంటానన్నారు. ఎండా లేదు వానా లేదు, అయినా గొడుగు తెరిచి దాని కింద నిలబడి మరీ అన్నారు. చెవులు ఎర్రగా అయిపోయాయి పాపం.

మంచివారు. చుట్ట కూడా కాల్చరు. తల్లి ఆశీర్వాదమ్మగారే కొంచెం గట్టి మనిషి. ఆవిడకు పాలకొల్లు సంబంధం మీద మనసుంది, ఆ పిల్ల కీర్తనలు బాగా పాడుతుందట. క్రిస్మసులోగా ఏ మాటా చెప్పకపోతే పాలకొల్లే ఖాయం అన్నారట. ఊరికే నాన్చితే చేతికొచ్చిన మనిషి పోతాడు. బాగా ఆలోచించి వెంటనే రాయి. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

నీ సంపూర్ణ


రాజమహేంద్రవరం,
ఆగస్టు 20

సంపూర్ణకు,

ఉత్తరం అందింది. పలుమార్లు చదివాను.

సరిగ్గా ఈ వారమే మాకు డైరెక్టు స్పీచి, ఇండైరెక్టు స్పీచి పాఠం అయింది. ఒకరి మాటను ఉన్నదున్నట్టు చెప్పేటప్పుడు దానికి అటూ ఇటూ చిన్న కొక్కేలు తగిలించాలి. ఇంగ్లీషు పుస్తకాలలో ఉంటాయి, నువ్వు చూసే ఉంటావు. నీ వాక్యానికి లేవు కనుక నేనే తగిలించాను.

జీవరాజుగారు నన్ను ఆపి, “నిన్ను చేసుకుంటాను” అన్నారు.

చేసుకుంటాను అన్న క్రియ ఆయన నోటిలోది. అందులో సందేహం లేదు. అలాగైతే దాని పక్కనున్న నిన్ను అన్న మాట కూడా ఆయన నోటిలోదే కావాలి. ఒకే వాక్యం సగం ఒకరి నోటితో, సగం ఇంకొకరి నోటితో మాట్లాడడం పెద్ద తప్పని దొరసాని చెప్పారు. అప్పుడు ఆయన ఎదురుగా ఉన్నది నువ్వు. కనుక నిన్ను అంటే నువ్వే.

నీకు మంచి సంబంధం కుదిరింది. ఒప్పుకో. ఆయన చేతిరాత కూడా బాగుంటుంది. వేసవిలో నీ దగ్గరకు వచ్చినప్పుడు పడవ లాకులలో ఆగింది, అప్పుడు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఊరికే రాశాను ఇది.

పెళ్ళికి లేసు కాలరు అల్లుతున్నాను. నీ మెడ కొలత పంపు.

నాకు సంతోషంగా ఉంది. ఈ వాక్యంలో నాకు అన్నది కర్త కాదని నిన్న తేల్చుకున్నాను. సంతోషమే కర్త. నేను ఊరికే దాని పక్కన ఉన్నాను.

చదువుకోవాలి. ఉంటాను.

దేవకుమారి


మొగల్తూరు,
ఆగస్టు 31

ఒసే చదువుల మొద్దూ,

నా మెడ కొలత దేనికే? నీ మెడ నాకు అందితే అప్పుడు చెబుతాను కొలత.

నిన్ను అంటే నిన్నే. నేను నిన్ను అన్నప్పుడు నిన్ను అంటే నువ్వు, నేను కాదు. ఆయన నిన్ను అనలేదు, నేను నిన్ను అన్నాను. ఆయన చేసుకుంటాను అన్నారు. ఎవరిని అంటే నిన్ను. చూశావా, ఇప్పుడు నాకే తల తిరుగుతోంది. పుట్టినప్పటినుంచి ఇలాగే మాట్లాడుతున్నాను, ఇప్పటివరకు ఎవరూ పొరపాటున ఇంకొకరిని పెళ్ళి చేసుకోలేదు.

సరే, నీ పద్ధతిలోనే అడుగుతాను. ఆ జీవరాజుగారు ఎలాంటి మనిషి? పడవకు అడ్డంగా గేదె ఈదుతుంటే గట్టు మీద నుంచి, కొంచెం జరుగుతారాండి అని దాన్ని బతిమాలిన మనిషి. నేను కళ్ళారా చూశాను. గేదెను మీరు అనే మనిషి, పంతులమ్మను పట్టుకుని నువ్వు అంటాడా? నన్నే చేసుకోదలిస్తే, మిమ్మల్ని చేసుకుంటానండి అనేవారు. నీ దొరసాని పుస్తకంలో ఇది లేదా?

ఆయన అన్నది ఉన్నదున్నట్టు నీ కొక్కేలలో రాస్తున్నాను, చదువుకో. “సంపూర్ణమ్మగారండి, మీ స్నేహితురాలు దేవకుమారిగారిని నేను చేసుకుంటానండి. ఆవిడకు ఇష్టమైతేనేనండి. కోపం వస్తే మాత్రం నేనీ మాట అనలేదని చెప్పండి.” ఇన్ని అండీలను ఒక నిన్నులో కుదించి రాశాను, టపా కాగితం చిన్నదని. అది కూడా నా తప్పే అయింది.

ఇంతకీ ఎందుకు నచ్చావో తెలుసా? లాకుల దగ్గర పలక మీద “ఇక్కడ పడవలు కట్టినవారిని శిక్షింపబడును” అని ఉండేది. వేసవిలో ఎవరో దాన్ని బొగ్గుతో కొట్టేసి “కట్టినవారు శిక్షింపబడుదురు” అని దిద్దిపోయారట. మూడేళ్ళుగా ఆ పలక కింద కూర్చుంటున్నా అందులో ఏదో బాధ ఉందని తెలుస్తోంది కాని ఎక్కడో తెలియలేదు, ఆవిడ వచ్చి తీసేశారండి అన్నారు జీవరాజుగారు. పడవ దిగడానికే సిగ్గుపడే మనిషివి, సర్కారువారి పలకను బొగ్గుతో ఎలా కొట్టేశావే?

“వెంటనే” “జవాబు” “రాయి”. కొక్కేలు మిగిలాయి.

“సంపూర్ణ”


రాజమహేంద్రవరం,
అక్టోబరు 3

సంపూర్ణకు,

గౌరవ బహువచనం మరిచిపోయాను. పుస్తకంలో లేదు. గోదావరి నీళ్ళు తాగి పెరిగి అది మరిచిపోయినందుకు సిగ్గుపడుతున్నాను.

ఆ పలక అలా ఉంటే నేను పడవలో కూర్చోలేకపోయాను. గట్టున ఎవరూ లేరనుకున్నాను.

నాన్నగారికి రాశాను. జవాబు వచ్చాకే నీకు రాయాలని ఆగాను. నీ ఇష్టమే నా ఇష్టం అన్నారు. ఆ వాక్యాన్ని ఎటు తిప్పి చూసినా తప్పు దొరకలేదు.

నేను ఒప్పుకున్నానని వాళ్ళకు చెప్పు. పెళ్ళి పరీక్ష అయ్యాక.

కాలరు నా మెడకు సరిపోయింది. దాచాను.

దేవకుమారి


మొగల్తూరు,
నవంబరు 12

దేవీ,

కూర్చుని చదువు. కూర్చున్నావా?

నీ ఉత్తరం వచ్చేసరికి నాకు చలిజ్వరం. మంచం దిగలేను. ఆలస్యమైతే పాలకొల్లు ఖాయమైపోతుందని భయం. చేపల మరిడమ్మ రోజూ లాకుల మీదుగా వెళుతుంది కదా, దాన్ని పిలిచాను. ఆశీర్వాదమ్మగారితో, దేవకుమారి నేను ఒప్పుకున్నానన్నదని చెప్పు అన్నాను. దాని చేత రెండుసార్లు చెప్పించుకున్నాను కూడా. మరిడమ్మ లాకుల దాకా వెళ్ళేలోగా దారిలో రొయ్యల బేరం తగిలింది, దేవకుమారి అన్న మాట పడిపోయింది. అక్కడికెళ్ళి, “సంపూర్ణమ్మగారు నేను ఒప్పుకున్నానని చెప్పమన్నారండి” అంది. మాటలన్నీ నావే, నేను కూడా నేనే. ఇప్పుడేమంటావు?

జీవరాజుగారు ఉంటే ఆ పూటే తేలిపోయేది. నిడదవోలులో గుమాస్తా జబ్బుపడితే ఆయన్ను అక్కడికి పంపారు. ఆశీర్వాదమ్మగారికి మొదటినుంచీ పేర్లు పట్టవు. మా వాడు అన్న చదువుకున్న పిల్ల ఈ పంతులమ్మే అనుకున్నారు. మర్నాడే అరటిపళ్ళు, రవికగుడ్డ పట్టుకుని వచ్చారు. జ్వరం మనిషిని చూడడానికి వచ్చారు కదా అని నేను సంతోషించాను. “అంతా సమ్మతమేనా అమ్మా?” అన్నారు. జ్వరం సంగతి అడుగుతున్నారనుకుని, “ఇప్పుడు పరవాలేదండి, తగ్గింది” అన్నాను. ఆవిడ నా తల నిమిరి వెళ్ళారు. నేను పళ్ళన్నీ తిన్నాను. రవికగుడ్డ కుట్టడానికి కూడా ఇచ్చాను.

నిన్న ఆదివారం. జ్వరం తగ్గాక మొదటిసారి చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు పెళ్ళి ప్రకటన కాగితం తీశారు. ఎవరిదా అని నేను కూడా మెడ సాచాను. “జీవరాజుకును సంపూర్ణమ్మకును” అన్నారు. ఎవరీ సంపూర్ణమ్మ, నా పేరే పెట్టుకుంది అనుకున్నాను. అందరూ నావైపు తిరిగారు. “ఎవరికైన అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే చెప్పవలెను” అన్నారు.

లేచాను. ఇంకేం చెయ్యను?

“నాకు అభ్యంతరం ఉందండి.”

“ఏ పెళ్ళికమ్మా?”

“నా పెళ్ళికండి.”

ఆడవాళ్ళ వైపు ఒకటే గోల. పాస్టరుగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. “కారణం చెప్పాలి కదమ్మా. వరుడికి ఇదివరకే భార్య ఉందా?”

“లేదండి. సర్వనామం తప్పండి.”

ఆయనకు అర్థం కాలేదు. ఆ కారణం తమ పుస్తకంలో లేదన్నారు. వెనక నుంచి సత్తియ్య తాత, “అంటే ఏం జబ్బురా అది?” అని అడగడం నాకు వినపడింది. ఈపాటికి జీవరాజుగారికి సర్వనామం ఉందని ఊరంతా తెలిసిపోయి ఉంటుంది.

ఇంతవరకు నవ్వుకో. ఇక్కడినుంచి నవ్వు కాదు. ఆశీర్వాదమ్మగారు మెట్ల దగ్గర నన్ను నిలదీశారు. “పళ్ళు తిన్నావు, గుడ్డ తీసుకున్నావు, నలుగురిలో నా కొడుకుని వద్దన్నావు” అన్నారు. అది నేను కాదండి దేవకుమారండి అన్నాను. “లేచింది నువ్వు కాదా?” అన్నారు. లేచింది నేనేనండి, ఒప్పుకున్నది తనండి, చెప్పింది మరిడమ్మండి అన్నాను. ఆవిడ రెండు చెవులూ మూసుకున్నారు. “మీరెవరూ వద్దు. క్రిస్మసుకు పాలకొల్లు పిల్లే” అన్నారు. పాలకొల్లుకు కబురు పంపుతున్నారట. కొడుకు రాగానే తీసుకుని వెళతారట.

నా మాట ఇక ఆ ఇంట్లో చెల్లదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి, దేవీ. త్వరగా.

సంపూర్ణ


రాజమహేంద్రవరం,
నవంబరు 24

సంపూర్ణకు,

నవ్వలేదు. సర్వనామం దగ్గర మాత్రం కొంచెం నవ్వాను.

జీవరాజుగారికి నిడదవోలుకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. చాలా రాశాను, అన్నీ చించాను. ఒకదానిలో కర్త లేదు. ఒకదానిలో కర్త ఉంది కాని అది నేనేనని నమ్మకం కలగలేదు. ఒకటి బాగానే వచ్చింది, తీరా చూస్తే అది పరీక్షకు జవాబులా ఉంది.

నేను అన్న మాటలో ఒక ఇబ్బంది ఉంది. దాన్ని ఎవరి చేతికిస్తే వాళ్ళదైపోతుంది. నీ చేతికిస్తే నువ్వయింది, మరిడమ్మ చేతికిస్తే కూడా నువ్వే అయింది. ఇంకెవరికైనా ఇస్తే ఎవరవుతుందో తెలియదు. అందుకని దాన్ని నేనే పట్టుకుని వస్తాను. పరీక్ష అయిన మర్నాడే విజ్జేశ్వరంలో పడవ ఎక్కుతాను. దొరసాని సెలవిచ్చారు. ఎందుకని అడిగితే, “ఒక వాక్యం సరిచెయ్యాలండి” అన్నాను. అలాంటి ప్రయాణానికి ఎప్పుడైనా వెళ్ళవచ్చునన్నారు.

ఆవిడ ఎదుట ఎలా మాట్లాడతానో తెలియదు. నేను వచ్చేదాకా వాళ్ళను పాలకొల్లు వెళ్ళనివ్వకు. ఎలాగో నాకు తెలియదు. మళ్ళీ అభ్యంతరం చెప్పు.

దేవకుమారి


లాకుల దగ్గర, ఆశీర్వాదమ్మగారి ఇల్లు,
డిసెంబరు 15

సంపూర్ణకు,

రేపు చర్చిలో మళ్ళీ ప్రకటన. పాస్టరుగారు ఇక్కడికే వచ్చి నన్ను కళ్ళారా చూసి పేరు రాసుకున్నారు. నువ్వు రా. లేవకు.

జరిగింది రాస్తున్నాను. ఈ ఉత్తరం మరిడమ్మ చేతికిస్తున్నాను. కాగితం కనుక మధ్యలో మారదు.

పడవలో దారి పొడుగునా వాక్యం తయారుచేసుకున్నాను. “నేను, అనగా దేవకుమారిని, మిమ్మల్ని, అనగా జీవరాజుగారిని, వివాహమాడుటకు అంగీకరించుచున్నాను.” ఎవరు, ఎవరిని అన్న రెండు చోట్లా అనగా పెట్టాను. చిల్లు లేదు. తణుకు దాటాక పడవ నడిపే సరంగు బుల్లియ్యకు కూడా కంఠస్థం వచ్చేసింది. ఆయన తెడ్డు వేస్తూ అనగా, అనగా అంటున్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి పడవను లాకులలోకి తీసుకుని వెనక తలుపులు మూశారు. జీవరాజుగారు పైన గోడ మీద నిలబడి ఉన్నారు. నిన్ననే నిడదవోలు నుంచి వచ్చారట. ఇంటి అరుగు మీద ఆశీర్వాదమ్మగారు పాలకొల్లు ప్రయాణానికి మూట కడుతున్నారు. నేను పడవలో లేచి నిలబడ్డాను. అప్పటికి మా తలలు ఇంచుమించు ఒక ఎత్తులో ఉన్నాయి.

“దేవకుమారిగారాండి?” అన్నారాయన.

నేను తల ఊపాను.

“ఎవరో నన్ను వద్దన్నారని చెప్పారండి. ఎవరన్నారో ఎవరూ చెప్పడం లేదండి. మీరేనాండి?”

“నేను,” అని మొదలుపెట్టాను. అప్పుడే ముందు తలుపులలోంచి నీళ్ళు కిందికి వదిలారు.

నీకు తెలుసు కదా, నీళ్ళు దిగితే పడవ కూడా దిగుతుంది. నేను, అనగా అనేసరికి ఆయన మోకాళ్ళ దగ్గర ఉన్నాను. దేవకుమారిని అనేసరికి ఆయన చెప్పులతో మాట్లాడుతున్నాను. ఆయన వంగారు, తరువాత కూర్చున్నారు, తరువాత గోడ మీద బోర్లా పడుకుని తల కిందికి వేలాడేశారు. గొడుగు జారి పడవలో పడింది. నా వాక్యం ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాను. క్రియ ఎంతో దూరంలో ఉంది. తెలుగులో క్రియ చివర పెట్టినవారు లాకులలో పెళ్ళిమాట మాట్లాడి ఉండరు.

“వినపడలేదండి,” అన్నారు పైనుంచి. “నన్ను చేసుకోవడం మీకు ఇష్టమేనాండి?”

“ఊఁ,” అన్నాను.

బుల్లియ్య తెడ్డు వదిలేశాడు. “అనగా?” అన్నాడు.

ఆశీర్వాదమ్మగారు మూట అక్కడే పడేసి గోడ దగ్గరకు వచ్చారు. కొడుకు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి కనుక వాటినే అడిగారు.

“ఏమందిరా?”

“ఊఁ అన్నారమ్మా.”

“ఎవరు?”

“ఈవిడేనమ్మా. దేవకుమారిగారు.”

“ఎవరిని?”

“నన్నేనమ్మా.”

“మళ్ళీ ఎవరైనా లేచి కాదంటారా?”

“ఇక్కడ ఇంకెవరూ లేరమ్మా.”

ఆవిడ గోడ అంచు దాకా వచ్చి కిందికి చూశారు. నేను ఎంతో లోతున, నోరు తెరుచుకుని, ఆయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ఎంత చదివావమ్మా?” అన్నారు.

“మెట్రిక్యులేషనండి.”

“పాలకొల్లు పిల్ల గడపలో అడుగు పెట్టకముందే నాలుగు చరణాలు పాడుతుంది. నువ్వు ఇంత దూరం వచ్చి ఊఁ అన్నావు. ఇంకేమైనా అంటావా?”

వాక్యం అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. రెండు అనగాలతో సహా.

“చాలండి,” అన్నాను.

ఆవిడ అరుగు వైపు తిరిగి, మూట విప్పమని కొడుకు కాళ్ళకు చెప్పారు.

దేవకుమారి